గొలుసు ఎవరికి?

బ్రిటిష్ రచయిత మెల్విన్ బర్జెస్ 2001లో టీనేజీ పిల్లల కోసం ‘లేడీ’ అని ఓ నవల రాశాడు. ఓ తాగుబోతు బిచ్చగాడికి కోపమొస్తుంది, సాండ్రా అనే అమ్మాయి కుక్కయిపోతుంది. అయ్యాక కుక్కలాగే బతుకుతుంది మరి: వీధులు, వేట, మగకుక్కలు. అంతే, పెద్దలు గొలుసులు తెంచుకుని పుస్తకం మీద పడ్డారు! అంతకుముందు ఈయనే హెరాయిన్‌కు బానిసలైన పిల్లల మీద ‘జంక్’ రాస్తే, గొణుక్కుంటూనే పిల్లల పుస్తకాలకిచ్చే కార్నెగీ పతకం ఇచ్చారు. సూది గుచ్చుకుంటే సాహిత్యం, తోక ఊపితే అప్రాచ్యం! చివరికి సాండ్రా ఏమంటుంది? చదువులు, ఉద్యోగాలు, ఇంట్లో సాధింపులు నాకొద్దు, కుక్కగానే ఉంటానంటుంది. మగకుక్కల పేజీలు వెతికి వెతికి చదివినవాళ్లు, పిల్లకి ఇంటికన్నా వీధే ఎందుకు నచ్చిందో కూడా ఓ ముక్క అడగొచ్చుగా?