శీతాకాలపు సారు

ఉత్తర తెలంగాణ పట్టణాల్లో దీపావళి దాటగానే ప్రత్యక్షమై, మహాశివరాత్రికి కాస్త అటూ ఇటూగా మాయమయ్యే పెద్దమనుషుల వర్గం ఒకటి ఉంది. వీరిని శీతాకాలపు సార్లు అనవచ్చు. కొడుకో బిడ్డో అమెరికాలో స్థిరపడి ఉండటం, సందర్శక వీసా మీద వెళ్లినవారిని సాధారణంగా ఒక దఫాకు ఆరు నెలలకు మించి అక్కడ ఉండనివ్వకపోవడం, ఈ రెండూ కలిసి విశ్రాంత ఉపాధ్యాయుణ్ణి శీతాకాలపు సారుగా మారుస్తాయి. రెండేళ్లకొకసారి సెలవు మీద వచ్చి, అప్పులు తీర్చి, మళ్లీ విమానమెక్కే గల్ఫ్ కార్మికుణ్ణి ఈ కోవలో చేర్చకూడదు; అతనికి వాతావరణం గురించి చర్చించే తీరిక ఉండదు.

వీరిలో జగిత్యాల సారు మేలురకం, ఎందుకంటే ఆయనకు ఖిల్లా ఉంది. 1747 ప్రాంతంలో, జఫరుద్దౌలా బిరుదున్న ఇబ్రహీం ఖాన్ ధంసా ఫ్రెంచి ఇంజినీర్ల సాయంతో కట్టించాడని చెప్పే ఈ కోట నక్షత్రాకారంలో ఉంటుంది. చుట్టూ కందకం, అంటే శత్రువు గోడ దాకా రాకుండా తవ్విన లోతైన అగడ్త. కోణాలుగా ముందుకు పొడుచుకొచ్చిన బురుజుల మీది ఫిరంగులు పక్క గోడల అడుగును కూడా కాపాడే ఈ పద్ధతి, నిటారు గోడలు ఫిరంగి గుండ్లకు నిలవకపోవడంతో ఇటలీలో రూపుదిద్దుకొని, 17వ శతాబ్దంలో ఫ్రాన్సులో వోబాన్ చేతిలో శాస్త్రంగా స్థిరపడి, నిజాం రాజ్యంలోని ఫ్రెంచివారి వెంట నిర్మల్, జగిత్యాలల దాకా వచ్చింది. సారు పుట్టి పెరిగింది ఆ కోటకు కూతవేటు దూరంలోనే అయినా, నౌకరీ ఉన్నన్నాళ్లు లోపలికి తొంగి చూసిన పాపాన పోలేదు. కొడుకు తీసుకుపోయిన యూరప్ యాత్రలో, మధ్యధరా సముద్రపు పాయ అయిన ఆడ్రియాటిక్ ఒడ్డున, దుబ్రోవ్నిక్ పట్టణం చుట్టూ ఉన్న 1,940 మీటర్ల ప్రాకారాన్ని టికెట్టు కొని మోకాళ్లు పట్టుకుంటూ చుట్టివచ్చిన తరువాతే, తమ ఊళ్లోనూ ఒక ఖిల్లా ఉందన్న సంగతి ఆయనకు స్ఫురించింది.

అప్పటి నుంచి చుట్టపుచూపుగా వచ్చిన ఎవరికీ ఖిల్లా నుంచి విముక్తి లేదు. పెళ్లిపత్రిక ఇచ్చి పోదామని వచ్చినవారిని సైతం బురుజు ఎక్కించి, ఫిరంగి మీద చెయ్యి వేయించి, "దుబ్రోవ్నిక్‌ల దీనికి పైసలు గుంజుతరు, మనకాడ ఫ్రీ, అందుకే కదర ఇలువ లేదు" అని ముగిస్తాడు. ఆయన శ్రద్ధను తక్కువ చేయరాదు. ముళ్లకంపల మధ్య పాము భయం లేకుండా తిరిగి, ఏ రాయి ఎప్పుడు ఊడిందో లెక్క చెప్పగలిగేవాడు ఆయనొక్కడే. అయితే సారుకు బండి నడపడం రాదు గనుక, నడిపే మేనల్లుడు ఉండటం ఈ వర్గానికి జీవనాధారం. అటువంటి మేనల్లుళ్లలో కొందరు కాలక్రమంలో వ్యాసకర్తలయ్యారు.

ఇక చలి. సారు చూసొచ్చిన మధ్యధరా తీరంలో చలికాలమే వానాకాలం. అక్కడ సముద్రం పగటి వేడిని పట్టి ఉంచి రాత్రిని మరీ చల్లబడనివ్వదు. జగిత్యాల, ఆదిలాబాద్‌లకు సముద్రం దూరం, ఆకాశం నిర్మలం. నేల వేడి రాత్రికి రాత్రే పైకి పోయి, పుష్యమాసంలో ఆదిలాబాద్ ఉష్ణోగ్రత 10 డిగ్రీల లోపుకు దిగడం మామూలే. సారు ఈ చలిని సిద్ధాంతరీత్యా గుర్తించడు. మంకీ క్యాపు, రెండు స్వెట్టర్లు, వాటి మీద గొంగడి కప్పుకొని, సలిమంటకు అందరికన్నా దగ్గరగా కూర్చొని, "గిదొక సలేనా? న్యూజెర్సీల మంచువడితె కారే కనవడది" అంటాడు. "మరి ఆడనే ఉండకపోతివి?" అని భార్య అడిగే ప్రశ్న ఆయన చెవికి చేరకుండా మంకీ క్యాపు అడ్డం వస్తుంది.

తిరుగు ప్రయాణానికి ముందు నిర్మల్ యాత్ర తప్పనిసరి. అక్కడి నకాషీ కళాకారులు పొనికి చెక్కతో చేసే బొమ్మలను సారు మెచ్చుకునేది రంగులకో పనితనానికో కాదు, తేలికదనానికి. 23 కిలోల పెట్టెలో మెట్‌పల్లి పసుపు, సకినాలు, తొక్కు సీసాలు ఇమిడిన తరువాత మిగిలే చోటు అటువంటి కళకే సరిపోతుంది. కిరాణా కొట్టు కాంటా మీద పెట్టె మూడుసార్లు ఎక్కి దిగుతుంది. బరువు ఎక్కువైతే సకినాలు మాత్రం బయటికి రావు, స్వెట్టర్లు వస్తాయి. వాటిని ఒంటి మీద వేసుకుంటే తూకంలోకి రావన్న రహస్యం ఆయనకు ఎప్పుడో తెలుసు. శివరాత్రి ఎండలో, శంషాబాద్ విమానాశ్రయం ముందు, రెండు స్వెట్టర్లలో చెమటలు కక్కుతున్న ఆయనను "ఏంది మామా గిది?" అని అడిగితే, నాలుగు నెలలుగా ఒప్పుకోని మాట అప్పుడు ఒప్పుకుంటాడు: "సలి పెడుతుందిర."