ధాన్యాగారంలో కుక్కగారి పథ్యం

బెజవాడ దగ్గర కృష్ణమీద తొలి ఆనకట్ట 1855లో పూర్తయింది. దాని స్థానంలో 1957 నాటికి ప్రకాశం బ్యారేజీ వచ్చింది. అప్పుడైనా ఇప్పుడైనా ఆ నీళ్ళు పారింది ప్రధానంగా వరిచేలకే. బాపట్లలో పుట్టిన బీపీటీ 5204, అదే మన సాంబమసూరి, రాష్ట్రం దాటి ఎన్నో ఊళ్ళ కంచాల్లోకి చేరింది. అలాంటి డెల్టా నడిబొడ్డున, మొగల్రాజపురం మేడల మీద, పటమట అపార్ట్‌మెంట్లలో ఇప్పుడో కొత్త శాస్త్రం చెలామణీలో ఉంది: అన్నం కుక్కకు విషం.

కుక్కకు నెలల తరబడి మోషన్స్ కట్టకపోతే ముందుగా బోనెక్కేది అన్నమే. విచారణ ఉండదు, సాక్షులుండరు. ఆ సాయంత్రానికల్లా ‘గ్రెయిన్ ఫ్రీ’ సంచీ ఇంటికొస్తుంది. సంచీమీద మంచుకొండ, కొండమీద తోడేలు. కొన్నది మాత్రం బెంజి సర్కిల్ ట్రాఫిక్‌కే బెదిరి సోఫా కిందకి దూరే పగ్ కోసం.

సంచీ వెనక సన్న అక్షరాలు చదివితే బియ్యం లేని మాట నిజమే. ఆ ఖాళీలో బఠాణీలు, శనగలు, బంగాళాదుంపలు ఉంటాయి. పిండిపదార్థం ఎక్కడికీ పోలేదు, పేరు మార్చుకుని ధర పెంచుకుంది. ఇలాంటి పప్పుధాన్యాల తిండికీ, కుక్కల్లో గుండె కండరం సాగి బలహీనపడే జబ్బుకూ సంబంధం ఉందేమోనని అమెరికా ఎఫ్‌డీఏ 2018 జులైలో ఆరా మొదలుపెట్టింది. కారణం ఇదేనని ఖాయంగా తేల్చలేదు. కానీ తోడేలు బొమ్మను చూసి దండం పెట్టేవాళ్ళకు ఈ కబురు అందినట్టు లేదు.

తోడేలు సంగతికొస్తే, 2013లో ‘నేచర్’ పత్రికలో ఒక పరిశోధన వచ్చింది. పిండిని అరిగించే అమైలేజ్ జన్యువు తోడేలుకు రెండు ప్రతులే. కుక్కల్లో నాలుగు నుంచి ముప్ఫై దాకా కనబడ్డాయి. మనిషి గుమ్మంలో కాపురం పెట్టిన జంతువు, అతను సేద్యం నేర్చాక అతని తిండికి తగ్గట్టు పేగుల్ని దిద్దుకుందన్నమాట. వేల ఏళ్ళు పట్టిన ఆ పనిని పెంపుడు జంతువుల దుకాణంలో ఒక్క సేల్స్ కుర్రాడు రద్దు చేసేశాడు.

మరి దోషి ఎవరు? తిండివల్ల చర్మపు అలర్జీ వచ్చిన 297 కుక్కల లెక్కల్ని 2016లో ఒకచోట చేర్చారు. గొడ్డుమాంసం 34 శాతం, పాల పదార్థాలు 17, కోడిమాంసం 15, గోధుమ 13. బియ్యం పేరు కావాలంటే పట్టిక అడుగున వెతుక్కోవాలి. అది చర్మం లెక్క, పేగులకు అచ్చంగా అతకకపోవచ్చు. అయినా ఆ జాబితా ఎదురుగా పెట్టుకుని కృష్ణా జిల్లా పెరుగన్నాన్ని చూడండి. చిక్కటి గేదెపాల పెరుగు హాయిగా తప్పించుకుంది, శిక్ష అన్నానికి పడింది.

పశువైద్యుడి గదిలో జరిగే సంభాషణ ఏ ఊళ్ళోనైనా ఇంచుమించు ఇదే.

“ఇంకేమన్నా పెడుతున్నారా?”

“అబ్బే, ఏమీ లేదండీ. ఆ సంచీలోదే.”

పక్కనున్న మామ్మగారు అబద్ధం ఆడలేరు. “పొద్దున నా ఇడ్లీలో సగం పెడతాను నాయనా. అది ఎదురుగా కూచుని చూస్తుంటే ముద్ద దిగుతుందా? మధ్యాహ్నం కాస్త పెరుగన్నం. వాచ్‌మన్ బిస్కెట్లు పెడతాడు, వద్దంటే వినడు. ఆదివారం చికెన్ కూరలో ముక్కలు, కడిగే పెడతామండీ!” ఉల్లి, వెల్లుల్లి కుక్క ఎర్ర రక్తకణాల్ని చిట్లగొడతాయని, కడిగినంతమాత్రాన ముక్కలోంచి ఆ సారం పోదని డాక్టరు చెబుతారు. మామ్మగారికి అది కొత్త కాలపు పైత్యంలా వినిపిస్తుంది.

నిజానికి వైద్యం అంత గహనమేమీ కాదు. మోషన్స్ మూడు వారాలు దాటితే దీర్ఘకాలిక సమస్య కింద లెక్క. ముందు మల పరీక్ష: నులిపురుగులో, జియార్డియానో ఉంటే తేలిపోతుంది. అక్కడేమీ లేకపోతే, కుక్క ఇదివరకెన్నడూ తినని ఒకే మాంసకృత్తుతోనో, మాంసకృత్తుల్ని ముందే ముక్కలు చేసి తయారుచేసిన పథ్యపు తిండితోనో పరీక్ష. ఇలాంటి కుక్కల్లో సగానికి పైగా తిండి మార్పుతోనే, చాలావరకు రెండు వారాల్లోపే, తేరుకుంటాయి. షరతు ఒక్కటే, వేరే మెతుకు తగలకూడదు. బిస్కెట్టూ వద్దు, ఇడ్లీ తునకా వద్దు. ఆ షరతు దగ్గరే ఇంటిల్లిపాదీ చేతులెత్తేస్తారు. నాలుగో రోజుకే ఫలితం లేదని బ్రాండు మారుస్తారు, వారానికి ఇంకోటి. లేదా మనుషుల మందుల షాపులో మెట్రోనిడజోల్ అడుగుతారు. రెండు రోజులు కడుతుంది, ఆపగానే మళ్ళీ మొదలు. మధ్యలో పేగుల్లోని మంచి సూక్ష్మజీవులు చెల్లాచెదురు.

జర్మన్ షెపర్డ్ కథ మరీ అన్యాయం. కొన్నింటిలో క్లోమం జీర్ణరసాలు తయారుచేయడం మానేస్తుంది. కుక్క ఆబగా తింటుంది, రాశులుగా విసర్జిస్తుంది, ఎముకలు తేలిపోతాయి. దానికి ఒక రక్తపరీక్ష ఉంది, ముద్దముద్దలో కలపడానికి ఎంజైము పొడి ఉంది, తక్కువైతే బీ12 సూదులున్నాయి. గన్నవరంలో 1998 నుంచీ పశువైద్య కళాశాల ఉంది. కానీ మనవాళ్ళు ముందు నిమ్మకాయతో దిష్టి తీస్తారు.

సంచీని తిట్టి సొంత వంటకు దిగే పక్షం ఒకటుంది. కోడిమాంసం, అన్నం, కాస్త గుమ్మడికాయ. నాలుగు రోజులకు బానే ఉంటుంది, నెలలకు మాత్రం కాల్షియం దగ్గరే గండి పడుతుంది. డేవిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం వారు ఇంటివంట వంటకాలు 200 పరిశీలించి 2013లో లెక్క చెప్పారు: 95 శాతంలో కనీసం ఒక అత్యవసర పోషకమైనా చాల్లేదు. వాట్సాప్‌లో తిరిగేవి వాళ్ళ చేతికి చిక్కలేదు, అది వాటి అదృష్టం.

వీటన్నిటికీ పైమెట్టు, కుక్క వెంట్రుకలు, ఉమ్మి కవర్లో పెట్టి పంపిస్తే ఏ తిండి పడదో చెప్పే పరీక్ష. దీన్ని తేల్చడానికి పరిశోధకులు అలర్జీ ఉన్న కుక్కలవీ, లేనివాటివీ నమూనాలు పంపారు. వాటితోపాటు కృత్రిమ బొచ్చునూ, ఉమ్మి కాని ద్రవాన్నీ పంపారు. 2019లో బయటపెట్టిన ఫలితాల ప్రకారం వాటి మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదు. ఆ కృత్రిమ బొచ్చుకు అన్నం మాన్పించారో లేదో మాత్రం వాళ్ళు రాయలేదు.