ఫ్లెక్సీలో బాపూజీ ఎక్కడ?

సెప్టెంబరు 26 రాత్రి నస్పూర్ సీసీసీ కార్నర్‌లో ఫ్లెక్సీ మారుతుంది. చాకలి ఐలమ్మ జయంతి అయిపోయింది, తెల్లారితే కొండా లక్ష్మణ్ బాపూజీ జయంతి. మారేది మూలనున్న చిన్న బొమ్మ, కింద ఒక పేరు, అంతే. నడుమ చేతులు జోడించి నవ్వే అన్న మాత్రం నిన్నటి అన్నే. చుట్టూ తమ్ముళ్ల పాస్‌పోర్టు ఫొటోలు. కింద ‘బాపూజీ ఆశయ సాధకుడు’ అని అచ్చు. ఆ ఆశయం ఏమిటో మైకు ముందు మాత్రం అడక్కండి, పండుగ పూట అన్నను ఇబ్బంది పెట్టడం మర్యాద కాదు.

పాపం, బాపూజీకి రాజకీయం ఒంటబట్టలేదు. 1915లో మన పాత ఆదిలాబాద్ జిల్లా వాంకిడిలో పుట్టాడు, వకీలయ్యాడు, నిజాంకు ఎదురు తిరిగాడు. 1952లో ఆసిఫాబాద్ ఎమ్మెల్యే. తర్వాత డిప్యూటీ స్పీకర్, మంత్రి. అంతదాకా బాగానే ఉంది. 1969లో తెలంగాణ కోసం మంత్రి పదవికి రాజీనామా చేసేశాడు! రాజీనామాకు ముందు అవతలి పార్టీలో కుర్చీ మాట్లాడుకోవాలన్న ఇంగితం లేదు. ‘నియోజకవర్గ అభివృద్ధి కోసమే’ అన్న మాటైనా వాడుకోలేదు. పైగా రాష్ట్రం వచ్చేదాకా పదవి ముట్టనన్నాడు. 2001లో టీఆర్ఎస్ పుట్టింది ఆయన ఇంట్లోనే, జలదృశ్యంలో. 2012 సెప్టెంబరు 21న, రాష్ట్రాన్ని చూడకుండానే పోయాడు.

ఇప్పుడు ఆయన విగ్రహానికి దండ వేసే వాళ్ల మెడల్ని చూడండి. నిరుడు ఒక రంగు కండువా, ఈసారి ఇంకో రంగు. దండ వేసే చెయ్యి మాత్రం అదే, ఫొటో కోసం కెమెరా వైపు తిరిగే మొహమూ అదే. చేనేత సహకార సంఘాల కోసం ఊరూరా తిరిగిన మనిషిని ఒక్క కులసంఘం వేదికకు కట్టేసి, ఓట్ల లెక్క చూసుకుంటున్నారు.

కండువాలే కాదు, ఊరి హోదా కూడా మారింది. 2018లో నస్పూర్ మున్సిపాలిటీ అయింది, 2025లో మంచిర్యాల కార్పొరేషన్‌లో కలిసింది. అన్నల ఫ్లెక్సీల మీద ‘కాబోయే’ అన్న మాట అలాగే ఉంది, దాని వెనక పదవి పేరే మారింది.

వచ్చే సెప్టెంబరు 27న మీ వాడ అన్న దండ వేసి దిగగానే ఒక్క మాట అడగండి: ‘అన్నా, నువ్వు ఇడిసిపెట్టిన పదవి ఏది?’ జవాబు రాకుంటే ఫ్లెక్సీ పైసలు ఎవరిచ్చారో అడగండి.