ముల్లు నిలబడ్డాక

నేను కాటాని. ఒక ఇనప దూలం, దాని నడుమ ముల్లు, చెరో కొసన గొలుసులకి వేలాడే రెండు పళ్లేలు. ఇంతే నా ఒళ్లు. పుట్టింది గుజరాత్‌లోని సావర్‌కుండ్లాలో. కాటాల తయారీకి పేరున్న ఊరు అది. దివిసీమలో కోడూరు వైపు ఒక పల్లెలో కిరాణా కొట్టు పెట్టుకున్న శెట్టిగారు బెజవాడలో నన్ను కొని, గోనెలో చుట్టి, బస్సు మీద వేయించుకుని తెచ్చారు.

దయాదాక్షిణ్యాల సంగతి ఇనప ముక్కకేం తెలుసు అంటారేమో. నిజమే, నాకు జాలి లేదు. నా ముందు మునసబూ ఒకటే, కలుపు తీసొచ్చిన కూలి మనిషీ ఒకటే. ఇటు ఎంతుందో అటు అంతుందా, లేదా? నాకు తెలిసిన ప్రశ్న అదొక్కటే. కాకపోతే శెట్టిగారు తన కూతురికి ఏం నేర్పినా నా కిందే నేర్పారు. నా పని అయిపోయాక ఆయన పని మొదలయ్యేది కాబట్టి, ఖాళీగా వేలాడుతూ అన్నీ చూశాను.

నేను కొట్టుకి వచ్చేసరికి ప్రభుత్వం కిలోల్లోకి మారిపోయింది, జనం మారలేదు. 1957 ఏప్రిల్‌లో నయాపైసలు వచ్చాయి. మరుసటేడు అక్టోబరు నుంచి మెట్రిక్ తూనికలు విడతలు విడతలుగా అమల్లోకి వచ్చాయి. డబ్బూ మారింది, తూకమూ మారింది. ముసలమ్మలు మాత్రం పాత మాటే మాట్లాడేవారు. "శెట్టిగారూ, ఏబులం చింతపండు పెట్టండి" అనేవారు. పలమంటే మూడు తులాలు, నలభై పలాలు ఒక వీశె. వీశె అంటే కిలోల్లో సుమారు 1.4. ఆ లెక్కన ఐదు పలాల ఏబులం 175 గ్రాములు, పది పలాల పదలం 350 గ్రాములు. చాలా కొట్లలో ఏబులం అడిగితే వందా, యాభై రాళ్లు రెండు పడేసి, 150 గ్రాములు కట్టి ఇచ్చేవారు. అడిగేవాళ్లకి లెక్క తెలియదు, అమ్మేవాడికి బాగా తెలుసు. శెట్టిగారు వందా, యాభై, ఇరవై, ఐదు, ఇలా నాలుగు రాళ్లూ ఏరి పెట్టేవారు. కొట్టు నిండా జనం ఉన్నా సరే, ఆ ఐదు గ్రాముల రాయి కోసం గల్లాపెట్టె పక్కన వెతికేవారు. "ఇప్పుడు కిలోల్లో అడగాలి మామ్మా" అని ఒక్కరినీ సరిదిద్దలేదు. లెక్క మారింది మనకి, ఆవిడకి చింతపండు మారలేదుగా అనేవారు.

మా వాళ్లతో చేయించే మోసాలు మీకు తెలిసే ఉంటాయి. సరుకు పెట్టే పళ్లెం అడుగున కాస్త చింతపండు అంటిస్తారు. రాయి అడుగున గుంటలో సీసం పోసి, దాని మీద ముద్ర వేస్తారు కదా, ఆ సీసాన్ని తవ్వేస్తారు. సరుకుని ఎత్తు నుంచి దబ్బున వేసి, పళ్లెం కిందికి దిగీ దిగగానే ముల్లు నిలబడకముందే ఎత్తేస్తారు. ఇవన్నీ చేసేవాళ్లే చివర్లో చారెడు తీసి "ఇదుగోనమ్మా కొసరు" అని నవ్వుతూ వేస్తారు. పుచ్చుకున్నవాళ్లు సంతోషంగా వెళ్తారు. మా జాతికి ఇంతకు మించిన తలవంపు లేదు.

శెట్టిగారి కూతురికి పదేళ్లప్పుడు బడి వదిలాక కొట్లో కూర్చోవడం అలవాటైంది. ఆ పిల్లకి ఆయన ముందు నేర్పింది నన్ను అనుమానించడం. సరుకు ఎడమ పళ్లెంలో, రాళ్లు కుడి పళ్లెంలో పెట్టి తూచి, తరవాత అటువి ఇటు, ఇటువి అటు మార్చి చూడాలి. రెండుసార్లూ ముల్లు నిట్టనిలువుగా నిలిస్తేనే కాటా నమ్మదగ్గది. రోజూ కొట్టు తీయగానే ఈ పరీక్ష అయ్యేది. దండం పెట్టుకోవడం దాని తరవాతే.

ఒక సాయంత్రం ఓ కూలి మనిషి కందిపప్పుకి వచ్చింది. చేతిలో చిల్లర. చంకలో పిల్లాడు. అమ్మాయికి ఆవిడని చూస్తే ఏమనిపించిందో, పావుకిలో రాయి పెట్టి (రాయి అంటే ఒకటి కాదు, రెండు వందలదీ యాభైదీ) పళ్లెం ధడాలున కిందికి వాలేదాకా పప్పు పోసింది. పోసి నాన్న వంక చూసింది, మెచ్చుకుంటారని. ఆయన లేచి వచ్చి ఎక్కువైన పప్పంతా తిరిగి బస్తాలోకి తీశారు. ఆ మనిషి మొహం చిన్నబోయింది. పిల్ల మొహం ఎర్రబడింది. గింజా గింజా తీసి ముల్లు మధ్యకి తెచ్చి, "చూడమ్మా, సరిగ్గా ఉందా?" అని ఆవిడనే అడిగారు. ఆవిడ తలూపింది. అప్పుడు పప్పుని కాగితంలో వంచి, పొట్లం మడిచేముందు గుప్పెడు తీసి పైన వేసి, పురికొస చుట్టి ఇచ్చారు. పిల్ల పోసిన దానికంటే అదే ఎక్కువ.

ఆవిడ వెళ్లాక పిల్ల ఏడుపు గొంతుతో అడిగింది. "అదేదో నేను పోసినప్పుడే ఊరుకోవచ్చుగా నాన్నా?"

"నువ్వు పోసినప్పుడు ఆవిడ సొమ్మెంతో, మనం పెట్టిందెంతో కలిసిపోయింది అమ్మాయ్. ఆవిడ రోజంతా వంగి సంపాదించిన డబ్బులకి రావాల్సింది ముందు ఆవిడ కళ్ల ముందు రావాలి. అది ఆవిడది. ఆ తరవాత పెట్టేది మనది."

ఇంకో సంగతి. ఆయన కొసరు అందరికీ వేసేవారు. కరణానికీ, మునసబుకీ, పంతులుగారికీ కూడా. ఉన్నవాళ్లకి ఎందుకని అమ్మాయి ఎన్నోసార్లు అడిగింది. లేనివాళ్లకే వేస్తే అది ముష్టి అవుతుంది, ఊరందరికీ వేస్తే ఆనవాయితీ అవుతుందనేవారాయన. ఎవరి పొట్లంలో చిటికెడు పడిందో, ఎవరి పొట్లంలో గుప్పెడు పడిందో కాగితం మడత పడ్డాక ఎవరికి తెలుస్తుంది? నాకూ తెలియదు. ఆ బరువు నా మీద పడలేదు.

బెల్లానికి వచ్చే పిల్లలది వేరే లెక్క. పొట్లం కట్టాక ఒక చిన్న ముక్క అరచేతిలో పెట్టేవారు. దారిలో పొట్లం విప్పకుండా ఉండడానికి! ఇంట్లో తక్కువొచ్చిందని తల్లి ఆ పిల్లాడి వీపు చీరకూడదు, తూకం తక్కువని కొట్టుకి మాట రాకూడదు. ఆయన మంచితనంలో ఇలాంటి ముందుచూపు ఉండేది.

అలాగని ఆయన్ని దేవుణ్ని చేయకండి. ఇంట్లో వాడకానికి నూనైనా, పంచదారైనా గీసి గీసి ఇచ్చేవారు. "ఊరికి కొసరు, కొంపకి కొలత" అని అమ్మగారు గుమ్మంలో నిలబడి దెప్పిన సందర్భాలు కోకొల్లలు. ఆ దెప్పుడుకి ఆయన దగ్గర జవాబు ఉండేది కాదు. నా తీర్పు అడిగితే, ఆ తక్కెడలో అమ్మగారి వైపే మొగ్గు.

1977 నవంబరు 19, శనివారం. ఆ ఉప్పెన గురించి దివిసీమలో పుట్టినవాళ్లకి కొత్తగా చెప్పక్కర్లేదు. పది వేల మందికి పైగా పోయారు. సముద్రానికి దగ్గరున్న పల్లెలు కొన్ని తుడిచిపెట్టుకుపోయాయి. శెట్టిగారి ఇల్లు ఇటుక గోడల ఇల్లు కావడంతో, అటక మీదకెక్కి వాళ్లు బతికారు. నేను కొట్లోనే ఉప్పునీళ్లలో మునిగాను. నీళ్లు తీశాక ఆయన బియ్యం బస్తాలు కోశారు. పైవి కాస్త నయం, కిందవి ఉప్పెక్కి ముద్దయ్యాయి. నన్ను కొక్కేనికి తగిలించనే లేదు. మనుషులు వచ్చారు, కొంగులు పట్టారు, ఆయన దోసిళ్లతో పోశారు. ఒకరెవరో అలవాటుగా "ఎంతయింది శెట్టిగారూ?" అన్నారు. ఆయన ఆ ప్రశ్న అర్థం కానట్టు చూశారు.

తరవాత ఖాతా పుస్తకం ఎండబెట్టారు. సిరా పాకిపోయింది, సగం పేజీలు అతుక్కుపోయాయి. అమ్మాయి ఒక్కో కాగితం విడదీసి పేర్లు చదువుతుంటే, ఆయన వింటూ కూర్చున్నారు. కొన్ని పేర్ల దగ్గర, "అది వదిలెయ్, తరవాతది చదువు" అన్నారు. అలా వదిలేసిన పేర్లే ఎక్కువ.

కొన్నాళ్లకి బతికినవాళ్లు రావడం మొదలెట్టారు. ఒకాయన వచ్చి తన బాకీ నలభై రూపాయలన్నాడు. పుస్తకంలో అరవై అని కనిపిస్తూనే ఉంది. అమ్మాయి వేలు పెట్టి చూపించబోతే, శెట్టిగారు పుస్తకం మూసి, "నలభయ్యే రాసుకో" అన్నారు. ఆ మనిషి మనసు మారి అరవై తెచ్చాడని మీరు అనుకుంటున్నట్టున్నారు. ఆ నలభై కూడా రాలేదు.

ఇంకొకావిడ మొగుణ్ని పోగొట్టుకుంది. ఆయన బాకీ తీర్చడానికి నలిగిన నోట్లు కొంగున ముడేసుకొచ్చింది. శెట్టిగారు లెక్కపెట్టి తీసుకున్నారు. ఆవిడ ముందే పద్దు కొట్టేశారు. ఆ రాత్రి అమ్మాయి అన్నం తినలేదు. నలభై ఎగ్గొట్టినవాణ్ని వదిలేసి, ఈవిడ దగ్గర ఎలా తీసుకున్నావని నిలదీసింది.

"మొగుడి పేరు మీద అప్పు లేదనిపించుకోవాలని అంత దూరం నడిచొచ్చింది. నేను వద్దంటే ఆవిడ ఏం పట్టుకెళ్తుంది చెప్పు?"

అమ్మాయి ఒప్పుకోలేదు. చాలా ఏళ్లు ఒప్పుకోలేదని నాకు తెలుసు. ఇవ్వడం ఎవరైనా నేర్పుతారు, తీసుకోవాల్సిన చోట తీసుకోవడం నేర్పేవాళ్లు తక్కువ.

నా సంగతికొస్తే, ఉప్పునీటికి ఒళ్లంతా తుప్పు పట్టింది. కొబ్బరిపీచుతో, కిరసనాయిలుతో తోమారు. తూనికలు, కొలతల శాఖవాళ్ల చేత మళ్లీ సరిచూపించి, ముద్ర వేయించాకే నన్ను కొక్కేనికెక్కించారు. మా లాంటి దూలం కాటాలకి రెండేళ్లకోసారి ముద్ర పడాలి. ఆయన ఉన్నన్నాళ్లూ ఒక్కసారి కూడా గడువు దాటలేదు.

ఆయన పోయాక అమ్మాయి నన్ను రేపల్లె తెచ్చుకుంది. అక్కడ ఆవిడకి సొంత కొట్టుంది. నాకిప్పుడు ముద్ర లేదు కనక, నా మీద తూచి అమ్మడం నేరం. గోడకి మేకు కొట్టి తగిలించింది. బల్ల మీద ఎర్ర అంకెల ఎలక్ట్రానిక్ కాటా కూర్చుంది. దానికి ఏడాదికోసారి ముద్ర. గ్రాముతో సహా చెబుతుంది, నాకు అసూయేం లేదు. కొట్లో సగం సరుకు పాకెట్లలో వస్తోంది, వాటికి కొసరెక్కడిది? చింతపండు, ఎండుమిరప, బెల్లం, పప్పులు మాత్రం ఇంకా విడిగానే. వాటిని తూచినప్పుడు అంకెలు కదలకుండా నిలిచేదాకా ఆగుతుంది. కొన్నవాళ్లు చూసేలా కాటా తిప్పుతుంది. పొట్లం దించాకే మీద కాస్త వేస్తుంది. పనిలో పెట్టుకున్న కుర్రాడికి కూడా ఇదే పద్ధతి.

ఈ మధ్య ఆవిడ కొడుకు కొట్లో కంప్యూటర్ పెట్టించాడు. నెల తిరిగేసరికి కందిపప్పు లెక్క తేలలేదు. వచ్చిన బస్తాలకీ, కొట్టిన బిల్లులకీ తేడా. వాడు రెండుసార్లు సరిచూసుకుని, తల్లి దగ్గరకొచ్చి గొంతు తగ్గించి చెప్పాడు.

"అమ్మా, కుర్రాడి చేతివాటం అనుకుంటా. బస్తాకి కిలో పైనే పోతోంది. అడిగేశాను కూడా."

"ఏమన్నాడు?"

"ఏమీ అనలేదు. తలొంచుకుని గోడౌన్‌లోకి వెళ్లాడు."

ఆవిడ గల్లా మూసి, లోపలి పెట్టెలోంచి తండ్రి రాసిన పద్దుల పుస్తకం ఒకటి తెచ్చి కొడుకు ముందు తెరిచింది. ప్రతి బస్తా కిందా ఒక వరస ఉంది. తరుగు: ఎలుకలకి ఇంత, రాలినదింత, కొసరు ఇంత. అన్నీ కలిపి అమ్మకంలోంచి ముందే తీసేసి ఉన్నాయి.

"తాతయ్య దానధర్మాలకి కూడా లెక్క రాసుకున్నాడా?" అని నవ్వాడు వాడు.

"రాయకపోతే ఆ తేడా ఎవడో గుమాస్తా నెత్తిన పడుతుంది. మనం పెట్టిందానికి ఇంకొకడు దొంగ కాకూడదుగా."

వాడు నవ్వు ఆపి కంప్యూటర్ వైపు తిరిగాడు. "ఇందులో కొసరు అనే గడి లేదమ్మా."

"తరుగుకి ఏముంది?"

"వేస్టేజ్ అని ఉంది."

"అందులోనే వెయ్యి. మీ తాత కూడా ఎలుకల పక్కనే రాసేవారు."

"బస్తాకి ఎంత వేయమంటావ్?"

"అది తరవాత చూద్దాం. ముందు గోడౌన్‌లోకి వెళ్లి ఆ కుర్రాడితో మాట్లాడు."