తూకానికి ఇంజన్ ఆయిల్

గుంటూరు మిర్చి యార్డులో బస్తాలెత్తుకుని జాతీయ రహదారి ఎక్కే లారీలకూ, ప్రకాశం జిల్లా పత్తి చేలల్లో తిరిగే ట్రాక్టర్లకూ ఏ ఆయిల్ పోయాలో తేల్చిచెప్పే శాస్త్రమొకటి ఉంది. సాంద్రత, అంటే ఒక లీటరులో ఇమిడే బరువు, ఎంత ఎక్కువైతే ఇంజనుకు అంత రక్ష అన్నదే దాని ఏకైక సూత్రం. లీటర్ల లెక్కన అమ్మే సరుకులో నాలుగు గ్రాములు అదనంగా దక్కితే ఎవరికి మాత్రం చేదు?

ఈ సూత్రాన్ని సింథటిక్ ఆయిళ్లకు వర్తింపజేస్తే ఫలితాలు అమోఘంగా ఉంటాయి. 15 డిగ్రీల సెల్సియస్ వద్ద సాధారణ ఖనిజ మూలనూనె సాంద్రత లీటరుకు సుమారు 0.88 కిలోలు కాగా, అణువులు పేర్చి తయారుచేసే సింథటిక్ నూనె పాలీఆల్ఫాఓలిఫిన్ సాంద్రత 0.83 దగ్గరే ఆగుతుంది గనుక, ఖరీదైనది తక్కెడలో చౌకదాని చేతిలో ఓడిపోతుంది. ఆ ఖనిజ నూనెను 0.96 ఉన్న ఆముదమూ, ఆముదాన్ని 1 ఉన్న నీరూ ఓడిస్తాయి కాబట్టి, సిద్ధాంతాన్ని చివరిదాకా నమ్మినవారు రేడియేటరులోని నీటినే ఇంజనులోనూ పోసుకోవలసి ఉంటుంది.

నిజానికి లోహాల మధ్య పొరగా నిలిచి అరుగుదలను ఆపేది బరువు కాదు, స్నిగ్ధత, అంటే ప్రవాహాన్ని నిరోధించే జిగట గుణం. నీటికంటే తేలికైన ఆముదం నీటికంటే వందల రెట్లు జిగటగా ఉండటమే ఈ రెండూ వేరన్నదానికి సాక్ష్యం. 15డబ్ల్యూ-40 గ్రేడు ఆయిల్ 100 డిగ్రీల వద్ద 12.5 నుంచి 16.3 సెంటీస్టోకుల లోపు ఉండాలని ఎస్ఏఈ ప్రమాణం నిర్దేశిస్తుంది. అసలు జిగటను సాంద్రతతో భాగిస్తే వచ్చేదే ఈ సెంటీస్టోకుల అంకె కాబట్టి, సాంద్రతకు లెక్కలో కాస్త చోటున్న మాట నిజమే. అయితే 150 డిగ్రీల వేడిలో, తీవ్రమైన ఒరిపిడిలో మిగిలే జిగటను అదే ప్రమాణం నేరుగా కొలిపిస్తుంది గనుక, తక్కెడకు అక్కడ పనిలేదు.

పైగా ఆయిల్ సాంద్రత ఒక్కో డిగ్రీ వేడికి సుమారు 0.00065 చొప్పున తగ్గుతుంది. అంటే రెంటచింతల ఎండలో డబ్బా ఇరవై డిగ్రీలు వేడెక్కితే 0.013 సాంద్రత ఆవిరైపోయి, పొద్దున ఉత్తమమైన ఆయిల్ మధ్యాహ్నానికి నాసిరకమవుతుంది! పెట్రోలు బంకులో హైడ్రోమీటరు ముంచేవారు కూడా ఆ అంకెను 15 డిగ్రీలకు సరిచేసి, డిపో నుంచి వచ్చిన సరుకే ట్యాంకులో ఉందా అని మాత్రమే చూస్తారు. బరువైన డీజిలుతో బండి బాగా పరుగెడుతుందని వారెన్నడూ అనరు.

విచిత్రమేమంటే, బరువు వేరు, నాణ్యత వేరు అన్న పాఠం ఈ నేలకు ఒకరు నేర్పవలసింది కాదు. భారత పత్తి సంస్థ కొనుగోలు కేంద్రంలో తేమ 8 శాతం దాటితే ధరలో కోత, 12 దాటితే తిరస్కారం. మిర్చికి రంగూ ఘాటూ చూడకుండా ధర కట్టే వ్యాపారి ఉండడు. అంతటి తెలివి ఆయిల్ డబ్బా ముందు మాత్రం సెలవు పుచ్చుకుంటుంది.

వాహన తయారీదారు పుస్తకంలో సూచించిన గ్రేడూ, ఏపీఐ నాణ్యతా వర్గమూ డబ్బా మీద చూసుకుంటే పని తీరిపోతుంది. అయినా తూకం మీద మోజు తీరనివారికి ఒక మార్గముంది: మసీ, ఆక్సీకరణ వ్యర్థాలూ చేరేకొద్దీ ఆయిల్ సాంద్రత పెరుగుతుంది గనుక, వారి శాస్త్రం ప్రకారం సర్వోత్తమమైన ఆయిల్ కొత్త డబ్బాలో కాక, మెకానిక్ లారీ కింద పెట్టిన నల్లటి బేసినులో దొరుకుతుంది.