సాయంత్రానికల్లా టైమింగ్ చైన్

ముందు చప్పుడు సంగతి చూద్దాం. పొద్దున్నే సెల్ఫ్ కొట్టగానే ఇంజిన్ పక్కనుంచి రెండు మూడు క్షణాలు గలగలమని మోగి, ఆనక దానంతటదే సద్దుమణిగిందనుకోండి. పట్టించుకోకండి. పాట సౌండు పెంచండి. రాత్రంతా బండి నిలబడితే టెన్షనర్‌లోని ఆయిల్ జారిపోతుందనీ, మళ్లీ ప్రెషర్ ఎక్కేదాకా వదులైన చైన్ కొట్టుకుంటుందనీ, చైన్ పని దగ్గరపడిందనడానికి అదే మొదటి కబురనీ తెలిసినవాళ్లు చెబుతారు. తెలిసినవాళ్ల మాట వింటూ కూర్చుంటే హైదరాబాద్‌లో మూసాపేట నుంచి సైబర్ టవర్స్‌కి టైముకు చేరేదెవరు?

ఈ సలహాలు ఎక్కువగా పాత డీజిల్ స్విఫ్టు, డిజైర్, ఇండికా విస్టా, పుంటో ఉన్నవాళ్లకూ, వాటిని విప్పే మెకానిక్కులకూ. పేర్లు వేరైనా బానెట్ ఎత్తితే కనబడేది ఒకటే, ఫియట్ వాళ్ల 1248 సీసీ మల్టీజెట్. మారుతి దాన్ని డీడీఐఎస్ అంది, టాటా క్వాడ్రాజెట్ అంది. ఇన్ని కంపెనీల బళ్లలో కూర్చున్నందుకు దానికి జాతీయ ఇంజిన్ అని ముద్దుపేరు కూడా వచ్చింది. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 నిబంధనలు వచ్చేసరికి మారుతి డీజిల్ కార్లు మానేసింది. అంటే ఇప్పుడు రోడ్డు మీద ఉన్నవన్నీ ముదురు బళ్లే. సగం జీవితం ఐటీ కంపెనీల గేట్ల ముందు ఏసీ వేసుకుని షిఫ్టు వదిలేదాకా నిలబడ్డవే. ఇక్కడే మీకో లాభం ఉంది. మీటరు కిలోమీటర్లే లెక్కపెడుతుంది, గంటలు లెక్కపెట్టదు. నిలబడ్డ బండిలో కూడా ఆయిల్ కాగుతూ, మసి పట్టుతూనే ఉంటుంది గానీ ఆ సంగతి మీటరుకు తెలియదు కదా. కంపెనీ 10,000 కిలోమీటర్లకు ఆయిల్ మార్చమంటే మీరు ఇంకో దసరా దాకా ఆగండి.

చైన్ సాగిందంటారు. ఇనుము రబ్బరులా సాగదు లెండి. ఒక్కో లింకులో పిన్నూ బుష్షూ వెంట్రుకవాసి అరుగుతాయి. అన్ని లింకుల అరుగుదలా కలిసి చైన్ పొడవు పెరుగుతుంది. మసి పట్టిన ఆయిల్ ఈ పనిని చురుగ్గా చేయిస్తుంది. "మా మారుతి 800కు బెల్టు ఉండేది, దాన్నైతే మార్చాలి. చైన్ అయితే జన్మకి మార్చక్కర్లేదు" అనే బాబాయి ప్రతి ఇంట్లోనూ ఉంటాడు. ఆయన్ని నమ్మండి. ఎవరి జన్మకి అని మాత్రం అడగకండి.

సరే, మార్చక తప్పలేదు. రాణిగంజ్‌కు వెళ్లి చైన్ ఒక్కటే కొనండి. కిట్టు వద్దు. గైడ్లు, టెన్షనర్, పళ్ల చక్రాలు పాతవే ఉండనివ్వండి, అలవాటైన ప్రాణాలు. మాంచెస్టర్‌లో స్థిరపడ్డ స్విట్జర్లాండ్ ఇంజినీరు హాన్స్ రెనాల్డ్ 1880లో బుష్ రోలర్ చైన్‌కు పేటెంట్ తీసుకున్నాడు. ఆనాటి నుంచి ఈనాటి దాకా చైనూ పళ్లూ ఒకదాన్నొకటి అరగదీసుకుంటూనే బతుకుతున్నాయి. అరిగిన పళ్ల మీద కొత్త చైన్ వేస్తే అది కూడా త్వరగానే పాతదవుతుంది, ఇంట్లో గొడవ ఉండదు. పార్ట్ నంబరు సరిచూడమని కొట్టువాణ్ణి ఇబ్బంది పెట్టకండి. "ఒరిజినలేనా అన్నా?" అని అడగండి చాలు. ఎవరూ కాదనరు.

ఇక అసలు పని. క్రాంక్ రెండు చుట్లు తిరిగితే క్యామ్‌షాఫ్టు ఒక్క చుట్టు తిరగాలి. టైమింగ్ చైన్ ఉన్నదంతా ఈ లెక్క తప్పకుండా చూడ్డానికే. ఇంజిన్ నిమిషానికి 3000 చుట్లు తిరుగుతుంటే ఒక్కో వాల్వు సెకనుకు 25 సార్లు తెరుచుకుని మూసుకుంటుంది. పిస్టన్ పైకి వచ్చేలోపు వాల్వు పక్కకు తప్పుకోవాలి. ఇంత హడావుడి జరిగేచోట ఒక్క పన్ను అటూ ఇటూ అయితే ఎవరు చూడొచ్చారు? క్రాంక్ చక్రానికి 20 పళ్లున్నాయనుకుంటే ఒక పన్ను అంటే 18 డిగ్రీలు. పిస్టన్ వాల్వును తన్నడానికి కొన్ని ఇంజిన్లలో అది కూడా అక్కర్లేదు.

ఈ డీజిల్ ఇంజిన్‌లో చైన్ విప్పేముందు క్రాంకునూ క్యామ్‌షాఫ్టులనూ కదలకుండా పట్టి ఉంచడానికి లాకింగ్ పిన్నులు వాడాలని మాన్యువల్‌లో ఉంటుంది. మీరు వైటనర్ వాడండి. పాత చైన్ మీదా చక్రాల మీదా ఎక్కడున్నది అక్కడ చుక్క పెట్టి, కొత్తదాన్ని అదే చుక్కల మీద ఎక్కించండి. పాత చైన్ ఇదివరకే ఒక పన్ను దాటిపోయి ఉంటే? దాటిపోయే ఉంటుంది, అందుకేగా బండి షెడ్డుకు వచ్చింది. ఆ తప్పును కూడా చుక్క పోకుండా కొత్త చైన్‌కు అప్పగించిన ఘనత మీది.

చాలా పెట్రోల్ ఇంజిన్లలో చైన్‌కు రంగు లింకులుంటాయి. వాటిని చక్రాల మీది గుర్తులకు కలిపి బిగించాక ఇంజిన్ రెండు చుట్లు తిప్పి చూస్తే చక్రాల గుర్తులు తిరిగి వాటి చోటికే వస్తాయి. రంగు లింకులు మాత్రం ఎక్కడికో పోయి ఉంటాయి. చైన్‌లోని లింకుల సంఖ్య వేరు, చక్రం పళ్ల లెక్క వేరు. అవి మళ్లీ కలవాలంటే ఇంకా ఎన్నో చుట్లు తిరగాలి. ఈ సంగతి మరిచిపోయి, లింకులు కలవలేదని గుండెలు బాదుకుని, సరిగ్గా బిగించినదాన్నంతా మళ్లీ విప్పండి. మధ్యాహ్నం ఇలాగే గడుస్తుంది.

నిజానికి ఆ రెండు చుట్లు చేత్తో తిప్పడం అనేదే నాకు నచ్చని చాదస్తం. క్రాంక్ బోల్టుకు పానా వేసి, ఇంజిన్ తిరిగే వైపే నెమ్మదిగా తిప్పాలట. ఎక్కడైనా గట్టిగా అడ్డు తగిలితే అక్కడే ఆగిపోవాలట. చేతికి తగిలితే వాల్వుకు ఏమీ కాదు, సెల్ఫ్ మోటారుకు తగిలితే వంగుతుందట. పట్టేది ఐదు నిమిషాలు. కానీ శుక్రవారం సాయంత్రం టెస్టింగ్ లేకుండా కోడ్‌ను ప్రొడక్షన్‌లోకి తోసి ఇంటికెళ్లే ఊళ్లో ఒక్క ఇంజిన్‌కు మాత్రం ఈ మర్యాదలెందుకు? తాళం తిప్పండి.

ఆగండి, టెన్షనర్ మరిచాం. టెన్షనర్ లోపలి ముక్క నొక్కి, దాన్ని ఆపుతూ సన్నటి పిన్ను గుచ్చి బిగిస్తారు. చైన్ ఎక్కాక పిన్ను పీకితే ముక్క బయటికి వచ్చి గైడ్‌ను నెట్టి చైన్‌ను బిగువుగా ఉంచుతుంది. పీకకపోతే చైన్ వేలాడుతూనే ఉంటుంది. "అన్నా, పిన్ను తీసినవా?" అని చెయ్యి కింద పిలగాడు అడిగితే "అన్నీ నువ్వే అడుగుతవేందిరా, కవర్ ఎక్కియ్" అనాలి. షెడ్డులో గురుత్వం నిలబడేది ఇలాంటిచోటే. నా లెక్కలో చైన్ పని తెలిసినవాడు ఆ పిలగాడొక్కడే, కానీ వాడి మాట ఎవరు వింటారు.

కవర్‌కు సిలికాన్ ధారాళంగా పూయండి. సన్నటి గీత చాలంటారు, అది పిసినారుల మాట. ఎక్కువైనది లోపలికి ఉబ్బి, తెగి, చాంబర్‌లో పడి ఆయిల్ పీల్చే జాలీకి అతుక్కుంటుంది. ఆయిల్ లైటు వెలిగితే బల్బు పీకేయండి. ఆరేదాకా ఆగాలని ట్యూబు మీద ఉంటుంది గానీ అంత చిన్న అక్షరాలు చదవడానికి కళ్లజోడు ఎక్కడుందో వెతకాలి.

బోల్టుల విషయంలో టార్క్ రెంచ్ అద్దెకు తేవద్దు. పానాకు ఇనుప పైపు తొడిగి ఇద్దరు వేలాడండి. క్రాంక్ పుల్లీ బోల్టును చాలా ఇంజిన్లలో ముందు ఇంత టార్కు, తర్వాత ఇన్ని డిగ్రీలు అని బిగించాలి, కొన్నిటికి కొత్త బోల్టే వేయాలి. కొన్ని ఇంజిన్లలో క్రాంక్ చక్రానికి తాళం చీల కూడా ఉండదు. ఆ ఒక్క బోల్టు బిగువే దాన్ని పట్టుకుంటుంది. పాతదే తుడిచి పెట్టండి.

బండి స్టార్టయి, వణుకుతూ, చెక్ ఇంజిన్ లైటు వెలిగిస్తే స్కానర్ పెట్టి చూడండి. పీ0016 అని వస్తే క్రాంకూ క్యామూ ఒకరి మాట ఒకరు వినడం లేదని అర్థం. కోడ్ చెరిపేయండి. మళ్లీ వస్తే మళ్లీ చెరిపేయండి. తర్వాత కస్టమర్‌ను పక్కన కూర్చోబెట్టుకుని, ట్రయల్ కోసం కైతలాపూర్ వంతెన ఎక్కించండి.

వంతెన మధ్యలో టప్‌మని ఆగితే సెల్ఫ్ మళ్లీ మళ్లీ కొట్టండి, ఇంకా వంగని వాల్వులు ఏవైనా ఉండొచ్చు. హెడ్ దించాక లెక్క ఎంతయిందో చైన్ కిట్టు ధరతో పోల్చి చూడకండి, నిద్ర పట్టదు. ఆఫీసుకు మాత్రం దారి ఉంది. మూసాపేట స్టేషన్ మీదుగా మెట్రో 2017 నవంబర్ నుంచి నడుస్తోంది. అమీర్‌పేటలో దిగి బ్లూ లైన్ మారితే హైటెక్ సిటీ. ఆ రైళ్లు కరెంటు మోటార్లతో నడుస్తాయి. వాటికి టైమింగ్ చైన్ ఉండదు.