ఫాక్స్‌బరో బల్ల వాంగ్మూలం

అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో, బోస్టన్‌కీ ప్రావిడెన్స్‌కీ నడుమ ఒకటో నంబరు హైవే పక్కన ఫాక్స్‌బరో అనే చిన్న ఊరుంది. న్యూ ఇంగ్లండ్ పేట్రియట్స్ అనే ఫుట్‌బాల్ జట్టు కోసం 1971లో అక్కడ ఒక స్టేడియం లేచింది. కట్టడానికి ఏడాది కూడా పట్టలేదు, ఖర్చు సుమారు 70 లక్షల డాలర్లు. ఈ బల్ల పుట్టింది ఆ స్టేడియంలోనే. వీపు ఆనించడానికి ఏమీ లేని పొడుగాటి అల్యూమినియం బల్ల. ఆగస్టులో కాలిపోయేది, డిసెంబరులో కూర్చున్నవాళ్ల ఎముకల్లోకి చలి ఎక్కించేది. సుమారు 60 వేల మంది పట్టే ఆ స్టేడియంలో విడి కుర్చీలు కొద్దిమందికే దక్కాయి. తక్కినవాళ్లందరూ ఇలాంటి బల్లల మీదే ఒకరినొకరు ఒరుసుకుంటూ కూర్చునేవాళ్లు. వెనక వరుసవాళ్ల మోకాళ్లు ముందు వరుస వీపులకి తగిలేవి. అందువల్ల ఇక్కడ ఏ మాటా దాగేది కాదు. ఒకరు ఆటగాణ్ణి తిడితే నాలుగు వరుసల దాకా వినపడేది, ఆ నాలుగు వరుసల నుంచీ జవాబులు వచ్చేవి.

ఈ బల్ల చాలానే చూసింది. 1971 ఆగస్టులో మొదటి ఆట రోజున హైవే మీద కార్లు కదలక, లోపల మరుగుదొడ్లు పనిచేయక జనం పడ్డ అవస్థ చూసింది. 1982 డిసెంబరు 12న మంచు తుఫానులో, జైలు నుంచి పనికి వచ్చిన ఒక ఖైదీ ట్రాక్టర్‌తో మంచు తుడిచి బంతిని తన్నడానికి చోటు చేస్తే, పేట్రియట్స్ మయామీ మీద 3-0తో గెలవడం చూసింది. 1994 సాకర్ ప్రపంచకప్‌లో మారడోనా ఆడిన చివరి రెండు ఆటలూ, గ్రీస్ మీదా నైజీరియా మీదా, ఈ మైదానంలోనే జరిగాయి. వీటి గురించి చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. ఈ బల్లకి సాక్ష్యం చెప్పాలని ఉన్నది మాత్రం 2001 సీజన్ గురించి. ఆ ఏడాది అభిమానులు ఏం మాట్లాడుకున్నారో ఇప్పుడు చెప్పుకునే తీరు నిజం కాదు.

ఇప్పుడు చెప్పే కథ ఇది: డ్రూ బ్లెడ్సోకి దెబ్బ తగిలింది, టామ్ బ్రేడీ వచ్చాడు, రాగానే అందరికీ అతని గొప్పతనం తెలిసిపోయింది. అలా జరగలేదు. నెలల తరబడి జనం కొట్టుకున్నంత పని చేశారు.

అమెరికన్ ఫుట్‌బాల్ చూడనివాళ్ల కోసం ఒక్క మాట. అక్కడ బంతిని ఎక్కువగా చేతులతోనే ఆడతారు, ఆట నడిపేవాడు క్వార్టర్‌బ్యాక్. ప్రతి ఎత్తూ అతని చేతిలో మొదలవుతుంది. జట్టులో 53 మంది ఉన్నా మైదానంలో ఆ చోటు ఒక్కటే. అది ఎవరిదన్నదే ఊరంతటి తగువు.

1993 నుంచీ ఆ చోటు బ్లెడ్సోది. ఆ ఏడాది డ్రాఫ్ట్‌లో, అంటే జట్లు కొత్త కుర్రవాళ్లని వంతులవారీగా ఎంచుకునే చోట, లీగ్ మొత్తంలో మొట్టమొదట ఎంపికైనవాడు అతనే. అప్పటికి పేట్రియట్స్ ఓడీ ఓడీ ఉంది, గ్యాలరీలు వెలవెలబోతున్నాయి, జట్టు వేరే ఊరికి తరలిపోతుందన్న భయం ఉంది. 1994 జనవరిలో రాబర్ట్ క్రాఫ్ట్ 17.2 కోట్ల డాలర్లకి జట్టుని కొన్నాడు. ఆ ఏటి నుంచీ టికెట్లన్నీ అమ్ముడుపోసాగాయి. అదే ఏడాది నవంబరు 13న మినెసోటా మీద జట్టు 20-0తో వెనకబడింది. అప్పుడు బ్లెడ్సో విసరడం మొదలుపెట్టాడు. ఆ ఆటలో మొత్తం 70 సార్లు విసిరితే 45 పాస్‌లు చేరాల్సినవాళ్లకి చేరాయి. అదనపు సమయంలో 26-20తో గెలిపించాడు. ఆ రోజు ఈ బల్ల మీద ఒక తండ్రి, తొమ్మిదేళ్ల కూతురు కూర్చున్నారు. ఆయన గోదాములో సరుకు ఎత్తే మనిషి. ఆ పిల్లకి అదే మొదటి ఆట. చివరి టచ్‌డౌన్‌కి తండ్రి కూతుర్ని ఎత్తి బల్ల మీద నిలబెట్టాడు.

1998 నవంబరులో చూపుడు వేలు విరిగినా కట్టు కట్టుకుని ఆడి, ఆఖరి అర నిమిషంలో పాస్ వేసి మయామీని ఓడించింది కూడా బ్లెడ్సోనే. 2001 మార్చిలో అతనికి పదేళ్లకి 10.3 కోట్ల డాలర్ల ఒప్పందం ఇచ్చినప్పుడు ఈ వరుసల్లో ఎవరికీ అభ్యంతరం లేకపోయింది.

బ్రేడీ పేరైనా చాలామందికి తెలియదు. 2000లో ఆరో రౌండులో, 199వ ఎంపికగా వచ్చాడు. ఆ ఏడాది కోచ్ బిల్ బెలిచిక్ రోస్టర్‌లో, అంటే జట్టు జాబితాలో, నలుగురు క్వార్టర్‌బ్యాక్‌లని ఉంచుకున్నాడు. సాధారణంగా ఇద్దరో ముగ్గురో ఉంటారు. "ఆ నాలుగోవాడి బదులు బంతి పట్టేవాణ్ణో, గోడలా నిలబడేవాణ్ణో పెట్టుకోవచ్చు కదా" అని ఆ గోదాము తండ్రి పక్కన కూర్చునే పోస్టాఫీసు ఉద్యోగి సీజన్ పొడుగునా సణిగాడు. ఆ నాలుగోవాడే బ్రేడీ. ఆ సీజన్‌లో జట్టు 5 గెలిచి 11 ఓడింది. 2001 డ్రాఫ్ట్‌లో జనం బంతి పట్టే డేవిడ్ టెరెల్ కావాలంటే, బెలిచిక్ రక్షణ వరుసకి రిచర్డ్ సీమోర్‌ని తెచ్చాడు. అప్పుడూ తిట్లే. కోచ్ మాట మీద నమ్మకం పెట్టడానికి అభిమానులకి అప్పటిదాకా కారణమేమీ దొరకలేదని గుర్తుంచుకోవాలి.

2001 సెప్టెంబరు 23. న్యూయార్క్‌లో జంట భవనాలు కూలి రెండు వారాలు కాలేదు. పేట్రియట్స్ ఆటగాడు జో ఆండ్రూజీ అన్నదమ్ములు ముగ్గురు న్యూయార్క్ అగ్నిమాపక దళంలో పనిచేసేవాళ్లు. వాళ్లు ఆ రోజు మైదానంలోకి వస్తే 60 వేల మందీ లేచి నిలబడ్డారు. ఆడేది కూడా న్యూయార్క్ జెట్స్‌తోనే. ఆట ఆఖరి భాగమైన నాలుగో క్వార్టర్‌లో బ్లెడ్సో బంతి పట్టుకుని పక్క గీత వైపు పరుగెత్తుతుంటే మో లూయిస్ వచ్చి గుద్దాడు. ఆ చప్పుడు గ్యాలరీ దాకా వచ్చింది. బ్లెడ్సో లేచాడు, ఇంకోసారి మైదానంలోకి కూడా వచ్చాడు, తర్వాత అతన్ని ఆపి బ్రేడీని పంపారు. ఆట 10-3తో పోయింది. బ్లెడ్సో ఛాతీలో రక్తనాళం తెగి లోపల రక్తం కారుతోందని, ఆసుపత్రికి తీసుకెళ్లారని ఆ తర్వాతే తెలిసింది. జట్టు అప్పటికి ఆడిన రెండూ ఓడింది.

వారం తర్వాత బ్రేడీ మొదలుపెట్టిన మొదటి ఆటలో ఇండియానాపోలిస్ మీద 44-13తో గెలుపు. అంతలోనే మయామీలో 30-10తో ఓటమి. తర్వాత శాన్ డియేగో మీద అదనపు సమయంలో 29-26 గెలుపు. బ్రేడీ వృత్తిజీవితం మొదలుపెట్టినప్పటి నుంచి 162 పాస్‌ల దాకా ఒక్కటి కూడా ప్రత్యర్థి చేతిలో పడలేదు. అది అప్పటికి రికార్డు. పోస్టాఫీసు ఆయన ఒక్క నెలలో బ్రేడీ మనిషి అయిపోయాడు. "చూడండి, బంతి తొందరగా వదిలేస్తున్నాడు. బ్లెడ్సో అయితే అక్కడే నిలబడి దెబ్బలు తినేవాడు" అనేవాడు. అది సరైన పరిశీలనే. కానీ అక్టోబరు 28న డెన్వర్‌లో బ్రేడీ ఒక్క నాలుగో క్వార్టర్‌లోనే నాలుగు బంతులు ప్రత్యర్థులకి అప్పగించాడు. ఆ తర్వాత సొంత మైదానంలో ఆట నవంబరు 11న. ఆ రోజు గోదాము తండ్రి వచ్చి కూర్చోగానే మొదటి మాట: "ఇప్పుడేమంటావు?"

రెండు రోజులకి బ్లెడ్సో ఆడటానికి వైద్యులు ఒప్పుకున్నారు. నవంబరు 18 రాత్రి సెయింట్ లూయిస్ ర్యామ్స్ వచ్చి 24-17తో కొట్టి వెళ్లింది. లెక్క 5 గెలుపులు, 5 ఓటములు. సరిగ్గా అప్పుడు బెలిచిక్ ఇక సీజన్ మొత్తం బ్రేడీయే అని తేల్చేశాడు. ప్రాక్టీసులో ఇద్దర్ని సమంగా సిద్ధం చేయడానికి సమయం చాలదన్నది అతని కారణం. తన చోటు కోసం పోటీ పడే అవకాశం దొరుకుతుందని ఎదురుచూసిన బ్లెడ్సోకి ఆ అవకాశమే రాలేదు.

ఆ నిర్ణయం ఓటమి తర్వాత వచ్చింది. ఇది మరిచిపోకూడదు. బ్రేడీ ఏడు ట్రోఫీలు గెలుస్తాడని అప్పుడు ఎవరికి తెలుసు?

నవంబరు 25న న్యూ ఓర్లీన్స్‌తో ఆట రోజున ఈ బల్ల మీద జరిగిన వాదన లాంటిది ఈ బల్ల ఇంకెప్పుడూ వినలేదు. గోదాము తండ్రి గొంతులో కోపం కంటే బాధ ఎక్కువగా ఉంది. "పని చేస్తూ దెబ్బ తిన్నాడు. ప్రాణం మీదికి తెచ్చుకున్నాడు. బాగై వచ్చేసరికి అతని పని ఇంకొకరికి ఇచ్చేస్తారా? రేపు నా నడుం పట్టేస్తే నా యజమాని కూడా ఇదే అంటాడు." దెబ్బ తగిలినంత మాత్రాన ఎవరి చోటూ పోకూడదన్నది అమెరికా ఆటల్లో చాలామంది పాటించే మర్యాద. ఆయన అడిగింది ఆ మర్యాద గురించే. ఆయనకి ఆట తెలియక కాదు.

కూతురికి పదహారేళ్లు వచ్చాయి. ఆమె తండ్రికి ఎదురు చెప్పింది: "నాన్నా, బ్లెడ్సో ఉన్న గత మూడేళ్లూ మనం ఏం గెలిచాం? ఇతను తప్పు చేసినా తర్వాతి ఎత్తుకి మొహంలో ఏమీ కనపడదు. మిగతా పదిమందీ అతన్ని చూసి నిలబడుతున్నారు." ఒప్పందం సంగతి పోస్టాఫీసు ఆయన ఎత్తాడు. జట్ల జీతాలకి లీగ్ పెట్టిన హద్దు ఆ ఏడాది సుమారు 6.7 కోట్ల డాలర్లు. పదేళ్ల ఒప్పందం ఉన్నవాణ్ణి పక్కన కూర్చోబెడితే ఆ డబ్బు మిగతా రోస్టర్ మీద బరువవుతుంది. వెనక వరుసలోంచి ఒకామె మైక్ వ్రేబెల్, ఆంట్వాన్ స్మిత్ లాంటి తక్కువ జీతాలవాళ్లని తెచ్చి జట్టు కడుతున్న తీరు చూడమంది. ఆమె మాటకి ఆ రోజు ఎవరూ విలువివ్వలేదు. ఆ సీజన్‌లో జట్టు గెలవడానికి అసలు కారణం దాదాపు అదేనని ఈ బల్ల అభిప్రాయం. క్వార్టర్‌బ్యాక్ తగువు చెవులు గింగురుమనిపిస్తుంటే ఆ మాట ఎవరికీ వినపడలేదు.

ఆ రోజు బ్రేడీ నాలుగు టచ్‌డౌన్లు విసిరాడు, 34-17. తండ్రి చప్పట్లు కొట్టాడు, అయినా మాట మార్చుకోలేదు. ఆ ఆటతో మొదలుపెట్టి జట్టు మిగిలిన ఆరూ గెలిచింది.

2002 జనవరి 19 శనివారం రాత్రి ఈ స్టేడియానికి ఆఖరి ఆట. మంచు కురుస్తూనే ఉంది. ఓక్లండ్ రైడర్స్ 13-10తో ముందుంది, రెండు నిమిషాల్లోపే మిగిలింది. చార్ల్స్ వుడ్‌సన్ వచ్చి గుద్దితే బ్రేడీ చేతిలోని బంతి జారింది, ఓక్లండ్ దాన్ని పట్టేసింది. అయిపోయిందనుకున్నారు. తండ్రి నోరు విప్పలేదు, ఆ క్షణంలో "నేను చెప్పలేదా" అనే మనిషి కాదాయన. రిఫరీ వాల్ట్ కోల్‌మన్ వీడియో చూసి, అప్పటి నియమం ప్రకారం అది అసంపూర్తి పాస్, బంతి పేట్రియట్స్‌దేనని తీర్పిచ్చాడు. ఆడమ్ వినాటియేరి ఆ మంచులోంచి 45 గజాల కిక్‌తో సమం చేశాడు, అదనపు సమయంలో ఇంకొకటి కొట్టి 16-13తో గెలిపించాడు. ఆ తీర్పు అటు తిరిగి ఉంటే, చలికాలమంతా బోస్టన్ రేడియోల్లో బ్లెడ్సోని ఎందుకు ఆడించలేదన్న ప్రశ్నే మోగేది. ఇప్పుడు తెలివిగా కనపడుతున్న నిర్ణయం అప్పుడు అంత సన్నని గీత మీద నిలబడి ఉంది.

ఆ తర్వాత స్టేడియాన్ని కూల్చేశారు. పక్కనే కొత్తది అప్పటికే లేచింది. ఈ బల్లలో ఒక ముక్క గోదాము తండ్రి గ్యారేజీకి చేరింది. అక్కడ విన్నవే తక్కిన సంగతులు. పిట్స్‌బర్గ్‌లో సెమీఫైనల్ లాంటి ఆటలో బ్రేడీ చీలమండకి దెబ్బ తగిలితే బ్లెడ్సో వచ్చి డేవిడ్ పాటెన్‌కి టచ్‌డౌన్ విసిరి 24-17తో గెలిపించాడు. అది చెప్పుకున్న ప్రతిసారీ తండ్రి గొంతు పూడుకుపోయేది. వారం తర్వాత ఫైనల్‌కి బ్రేడీ తిరిగి వచ్చాడు, ర్యామ్స్ మీద 20-17. ఏప్రిల్‌లో బ్లెడ్సోని బఫెలోకి ఇచ్చి, బదులుగా 2003 మొదటి రౌండ్ ఎంపిక తీసుకున్నారు. అదే డివిజన్ జట్టు, ఏడాదికి రెండుసార్లు ఎదురుపడే జట్టు. గ్యారేజీలో మళ్లీ తగువు.

2003 సెప్టెంబరులో సీజన్‌కి కొద్ది రోజుల ముందు కెప్టెన్ లాయర్ మిల్లాయ్‌ని జట్టు నుంచి తీసేశారు. అతను బఫెలోలో చేరాడు. బ్లెడ్సో, మిల్లాయ్ ఉన్న బఫెలో మొదటి ఆటలోనే పేట్రియట్స్‌ని 31-0తో చిత్తు చేసింది. ఆ సాయంత్రం కూతురే తండ్రి పక్షం తీసుకుని బెలిచిక్‌ని దులిపేసింది. తీరా ఆ సీజన్‌లో పేట్రియట్స్ 14 ఆటలు గెలిచి, సూపర్ బౌల్ అనే ఆ ఫైనల్ కూడా గెలిచింది.

పేట్రియట్స్ హాల్ ఆఫ్ ఫేమ్‌కి ఎవరిని ఎన్నుకోవాలో ఏటా అభిమానుల ఓటే తేలుస్తుంది. 2011లో తుది ముగ్గురిలో బ్లెడ్సో, ఆ జట్టుకి ఒకప్పటి కోచ్ బిల్ పార్సెల్స్ ఉన్నారు. తండ్రికి కంప్యూటర్ సరిగ్గా రాదు, కూతురు పక్కన కూర్చుని ఓటు వేయించింది. తర్వాత తన ఓటు కూడా బ్లెడ్సోకే వేసింది. పోస్టాఫీసు ఆయన ఫోన్ చేసి తానూ అతనికే వేశానన్నాడు. ఆ ఏడాది బ్లెడ్సో గెలిచాడు. ఫోన్ పెట్టాక మాత్రం కూతురు, "అయినా నవంబరులో బ్రేడీనే ఆడించడం సరైన పనే నాన్నా" అంది. తండ్రి కుర్చీ ఈ బల్ల దగ్గరికి లాక్కుని, 2001 మయామీ ఆట నుంచి మళ్లీ మొదలుపెట్టాడు.